బ్యాగు కాలితే తప్పు మీ ఒక్కరిదే కాదు

మీ బండికి కుడివైపు తగిలించే బ్యాగును ఒకసారి తిరగేసి చూడండి. అడుగున, వెనక మూల దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తోందా? వేలితో నొక్కితే గుడ్డ అట్టలా గట్టిగా తగులుతోందా? అయితే ఆ బ్యాగు ఇప్పటికే సగం కాలింది, మీకింకా తెలియలేదంతే. నరసరావుపేటలో ఏ కాలేజీ పార్కింగులో చూసినా, మాచర్లలో ఏ పురుగుమందుల షాపు ముందు చూసినా ఇలాంటి బ్యాగులు, సంచులు నాలుగైనా దొరుకుతాయి. అడిగితే అందరి జవాబూ ఒకటే. 'చూసుకోలేదన్నా, సైలెన్సర్‌కి తగిలింది.'

ఆ 'చూసుకోలేదు' అన్న మాటతోనే నాకు పేచీ. ఒకరికి జరిగితే అజాగ్రత్త అనుకోవచ్చు. ఊరంతటికీ అదే మూల దగ్గర, అదే సైజులో మచ్చ పడుతుంటే దాన్ని అజాగ్రత్త అనకూడదు, డిజైన్ లోపం అనాలి. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివి మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే అని నా అభిప్రాయం.

మన దగ్గర మోటార్‌ సైకిల్ ఉత్త మోటార్‌ సైకిల్ కాదు కదా. అదే ఆటో, అదే ట్రాలీ. మాచర్ల నుంచి నరసరావుపేటకి దాదాపు 80 కిలోమీటర్లు. బస్సు టైముకి కుదరకపోతే కుర్రాళ్లు ల్యాప్‌టాప్, సర్టిఫికెట్ల ఫైలు, రెండు జతల బట్టలు బ్యాగులో కుక్కి బండి మీదే బయల్దేరతారు. రైతు యూరియా సంచిలో పురుగుమందు డబ్బాలు, తైవాన్ పంపుకి పెట్రోలు సీసా వేసుకుని వెళ్తాడు. మిర్చి సీజన్లో ఎక్సెల్ బండి మీద టిక్కీ, పత్తి సీజన్లో బోరెం. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే టౌన్ నుంచి ఇన్సులిన్ కూడా అదే బ్యాగులో వస్తుంది. ఇదంతా బండి తయారు చేసే కంపెనీలకు తెలియదా? టీవీలో వాళ్ల యాడ్స్ చూడండి. బండి మీద బస్తాలు వేసుకెళ్లే రైతునే చూపిస్తారు. బస్తా ఎక్కడ ఆనాలో మాత్రం బండి మీద చోటు ఉండదు.

అసలు సమస్య కుడివైపే ఎందుకో గమనించారా? మన దేశంలో చీర కట్టుకున్నవాళ్లు వెనక సీట్లో ఒకవైపుకి, అంటే ఎడమవైపుకి కాళ్లు పెట్టి కూర్చుంటారు. చీర చక్రంలో పడకుండా ఎడమవైపు శారీ గార్డు ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ రూలు చెప్పేది ఇదే. వెనక కూర్చున్నవారి బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. పట్టుకోవడానికి హ్యాండిల్, కాళ్లకి ఫుట్‌రెస్ట్ కూడా ఉండాలి. కాళ్లు ఎడమవైపు ఉంటాయి కాబట్టి సైలెన్సర్ కుడివైపు మిగిలింది. అంటే బండికి రెండు పక్కలుంటే, ఒక పక్కకి చట్టమే అండగా నిలిచింది. రెండో పక్కని గాలికి వదిలేశారు.

2020లో కేంద్రం సీటు వెనక పెట్టుకునే తేలికపాటి పెట్టెకి కొలతలు కూడా ఇచ్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు. మంచిదే. ఫుడ్ డెలివరీ చేసేవాళ్లకి పనికొస్తుంది. కానీ అందులో ఆలోచించింది వెనక పెట్టే పెట్టె గురించి. మనవాళ్లు వేలాడదీసేది పక్కన.

కాబట్టి మీ దగ్గర ఉన్నది ఒకే బ్యాగు అయితే మొదటి పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ఎడమవైపు తగిలించండి. శారీ గార్డు మీద ఆనుతుంది, చక్రంలోకి పోదు, సైలెన్సర్ దరిదాపుల్లో ఉండదు. స్ప్లెండర్, షైన్, పల్సర్ లాంటి మామూలు బండ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. రెండు వైపులా సైలెన్సర్లుండే ఇంటర్‌సెప్టర్ 650 లాంటివాటికి, పైకి ఎత్తిన సైలెన్సర్ ఉండే ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటివాటికి మాత్రం వేరే లెక్క. రెండో బ్యాగు ఉన్నా, మూట ఉన్నా, వెనక మనిషి కూర్చున్నా కుడివైపు తప్పదు. అప్పుడేం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 'మన రెంటచింతల ఎండలకి బ్యాగులేం ఆగుతాయి' అంటారు. ఎండ 45 డిగ్రీలు అనుకోండి. ఇంజిన్ నుంచి దిగే బెండ్ పైపు 300 డిగ్రీలు దాటగలదు. వెనకున్న సైలెన్సర్ బాడీ బండిని బట్టి, స్పీడుని బట్టి 100 నుంచి 200 దాకా ఉంటుంది. అంత వేడి ముందు, బయట 30 ఉందా 45 ఉందా అన్నది బ్యాగు గుడ్డకి పెద్ద తేడా కాదు. డిసెంబరు చలిలో కూడా అదే బ్యాగు అలాగే కాలుతుంది. ఎండ దెబ్బ తగిలేది బ్యాగు లోపలి వస్తువులకి. దాని సంగతి తర్వాత.

వేడి బ్యాగుని మూడు దారుల్లో చేరుతుంది. తగిలితే నేరుగా ఎక్కుతుంది. తగలకపోయినా ఎదురుగా ఉంటే సెగలా కొడుతుంది, మంట ముందు కూర్చుంటే ముఖం మీద తగిలినట్టు. ఇక మూడోది, వేడెక్కిన గాలి పైకి లేచి అడుగున చేరుతుంది. సెగ విషయంలో ఒక లెక్క ఆసక్తిగా ఉంటుంది. అది ఉష్ణోగ్రతతో సమానంగా పెరగదు, నాలుగో ఘాతంతో పెరుగుతుంది. సైలెన్సర్ 150 డిగ్రీల నుంచి 250కి చేరితే అది వెదజల్లే సెగ రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. ఫిజిక్స్‌లో స్టెఫాన్ నియమం అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం కదా, అదే ఇది.

చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. బండి పరుగెత్తుతుంటే గాలి సైలెన్సర్‌నీ బ్యాగునీ చల్లారుస్తూ ఉంటుంది. ఆపగానే ఆ గాలి ఆగిపోతుంది, సైలెన్సర్ మాత్రం వెంటనే చల్లారదు. రైల్వే గేటు దగ్గరో, టీ కొట్టు దగ్గరో బండి ఆపి కబుర్లు చెప్పుకునే ఆ పది నిమిషాల్లో వేడి నిట్టనిలువుగా పైకి లేచి బ్యాగు అడుగుని ఉడికిస్తుంది. 'దారిలో ఏం కాలేదు, దిగాక చూస్తే కాలింది' అని చాలామంది ఆశ్చర్యపోయేది ఇందుకే. దూర ప్రయాణం మధ్యలో ఆగితే ముందు చేయాల్సిన పని టీ చెప్పడం కాదు. కుడివైపు బ్యాగుని సీటు మీదికి ఎత్తడం.

ఇంకో సంగతి. ఇంటి దగ్గర బండి స్టాండ్ వేసి ఉన్నప్పుడు బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య మూడంగుళాలు కనిపిస్తుంది. సరే అనుకుని బయల్దేరతారు. ఇరవై స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి పట్టీలు సాగుతాయి, లోపలి సామాను అడుక్కి దిగుతుంది, బ్యాగు పొట్ట ఉబ్బుతుంది. వెనక మనిషి తొడ ఒకవైపు పట్టీని తొక్కితే బ్యాగు వంకర తిరుగుతుంది. కొలత తీసుకోవాల్సింది పది కిలోమీటర్లు పోయాక.

ఇక గుడ్డల సంగతి. మనం అన్నిటినీ 'బ్యాగు' అంటాం గానీ వేడి దగ్గర ఒక్కో దానిది ఒక్కో బుద్ధి. మామూలు పాలిథిన్ కవరు 110 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. యూరియా సంచి అల్లేది పాలీప్రొపిలీన్‌తో, అది 160 దాటితే నీరవుతుంది. నైలాన్ 220 దాకా, పాలిస్టర్ 250 దాకా ఆగుతాయి. కానీ కరగడానికి చాలా ముందే మెత్తబడి, బరువుకి సాగి, చిరుగుతాయి. 'నైలాన్ బ్యాగు కదా, ఏం కాదు' అని అందుకే నమ్మకూడదు. గోనె, నూలు గుడ్డ అసలు కరగవు, మాడతాయి. కరగదు కాబట్టి గోతం మంచిదనిపిస్తుంది. కానీ కరిగే ప్లాస్టిక్ సైలెన్సర్‌కి అంటుకుని కంపు కొట్టి మనకి తెలియజేస్తుంది. మాడే గోనె, పత్తి నిప్పు రాజుకున్నా చప్పుడు చేయవు. పత్తి బోరెం కట్టుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

బ్యాగుదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు. లోపలి వస్తువుల గురించే నా బాధ.

సర్టిఫికెట్లనే తీసుకోండి. టెన్త్ మెమో నుంచి ప్రొవిజనల్ దాకా భద్రంగా ఉంటాయని ల్యామినేషన్ చేయించి, ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి తీసుకెళ్తాం. ల్యామినేషన్ అంటేనే వేడితో అతికించిన ప్లాస్టిక్. మళ్లీ అంత వేడి తగిలితే అది మళ్లీ మెత్తబడి, ముడతలు పడి, పక్క కాగితాన్ని పట్టుకుంటుంది. జెరాక్స్ కాపీల మీద సిరా కూడా నిజానికి సిరా కాదు, వేడితో కాగితానికి అతికించిన ప్లాస్టిక్ పొడి. అందుకే వేడెక్కిన ఫైల్లో జెరాక్స్ అక్షరాలు కవరుకి అంటుకుని అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. మా జూనియర్ ఒకతను గురజాల నుంచి డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి వెళ్లి, కౌంటర్ దగ్గర ఫైలు తెరిస్తే మార్కుల మెమో, కవరు ఒకటైపోయి ఉన్నాయి. బ్యాగు మీద చిన్న మచ్చ కూడా లేదు. ఆ తర్వాత డూప్లికేట్ కోసం దరఖాస్తు, ఫీజు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు. డిజిలాకర్‌లో కాపీలు పెట్టుకోండి. ఒరిజినల్స్ మాత్రం వీపు మీద బ్యాగులోనే ఉండాలి, పక్క బ్యాగులో వద్దే వద్దు.

ల్యాప్‌టాప్‌దీ అదే కథ. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లను 45 డిగ్రీలు దాటిన చోట నిల్వ కూడా ఉంచొద్దంటుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే ఒక్కోసారి అంత ఉంటుంది. అంటే సైలెన్సర్ ఏమీ చేయకముందే పరిమితి అయిపోయింది. దాని పైన ఇంకో 20 డిగ్రీలు కలిస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ఉబ్బే ప్రమాదమూ పెరుగుతుంది. మూత మూసి స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేస్తారు చూడండి, అది ఇంకా దారుణం. ఒక్కోసారి లోపలే మేల్కొని సొంత వేడి కూడా కలుపుతుంది. షట్ డౌన్ చేశాకే జిప్ వేయండి.

ఇన్సులిన్ విషయం ఇంకా సున్నితం. కొత్త సీసాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, వాడుతున్నదాన్ని కూడా సాధారణంగా 25-30 డిగ్రీలు దాటనివ్వకూడదు. వేడికి పాడైన ఇన్సులిన్ చూడటానికి బాగానే ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు మామూలుగానే వేసుకుంటారు, షుగర్ దిగదు, డాక్టర్ డోసు పెంచుతారు. ఎక్కడ తేడా వచ్చిందో ఎవరికీ తెలియదు. మందుల షాపులో ఐస్ ప్యాక్ అడిగి తీసుకుని, దాన్ని చిన్న టవల్లో చుట్టి ఇన్సులిన్‌కి నేరుగా తగలకుండా పెట్టండి. గడ్డకట్టినా పాడవుతుంది.

పెట్రోలు సీసా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కుడివైపు పెట్టొద్దు, అసలు ప్లాస్టిక్ సీసాలోనే పట్టొద్దు. పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, 250 నుంచి 280 డిగ్రీల ప్రాంతంలో తనంతట తనే అంటుకోగలదు. బెండ్ పైపు ఆ వేడిని దాటుతుందని పైన చెప్పుకున్నాం. పురుగుమందుల్లో ఈసీ అని రాసి ఉండేవాటిలో చాలావరకు మండే ద్రావకాలే ఉంటాయి. మీ నాన్నగారికో, బాబాయికో ఈ మాట మీరే చెప్పాలి. పేపర్లో మేం రాస్తే వాళ్లు చదవరు.

సరే, జనం చేసే మరమ్మతులేంటి? ఎక్కువమంది సైలెన్సర్ మీద మందపాటి గుడ్డో, పాత ట్యూబు ముక్కో వేసి కడతారు. రబ్బరు కాలుతుంది, కంపు, అంతే. కొందరు తడి గోనె వేస్తారు. ఇది తెలివైన పనే. నీళ్లు ఆవిరయ్యే దాకా గోనె 100 డిగ్రీలు దాటదు, మన పెద్దలు ఏ పుస్తకం చదవకుండానే కనిపెట్టిన కూలింగ్ సిస్టమ్. కానీ ఆరిపోయాక అది ఉత్త ఎండు గోనె. ఎప్పుడు ఆరిందో బండి నడిపేవాడికి తెలియదు. బ్యాగు అడుగున వంటింటి ఫాయిల్ అంటించేవాళ్లున్నారు. సెగని తిప్పికొడుతుంది గానీ సైలెన్సర్‌కి తగిలితే వేడిని ఇంకా వేగంగా లోపలికి పంపుతుంది. ఇక సైలెన్సర్‌కి చుట్టే టేపు. అది వేడిని పైపులోనే ఉంచుతుంది నిజమే, కానీ వానాకాలం తడిని కూడా ఉంచుతుంది, పైపు తుప్పు పడుతుంది. పాత రకం ఆస్‌బెస్టాస్ తాడు ఎవరైనా చుడతామంటే మాత్రం వద్దని చెప్పి వచ్చేయండి. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వస్తుంది.

జవాబు నిజానికి మీ బండి మీదే ఉంది. సైలెన్సర్ మీద కాలు తగిలే చోట బెజ్జాల రేకు ఒకటి ఉంటుంది చూశారా? అది సైలెన్సర్‌కి అతుక్కుని ఉండదు. చిన్న వాషర్ల మీద కాస్త ఎత్తులో నిలబడుతుంది. ఆ మధ్యలోని గాలే అసలు పని చేస్తోంది. కదలని గాలి లాంటి ఇన్సులేటర్‌కి మీరు ఎంత ఖరీదు పెట్టగలరు? సున్నా. కంపెనీ ఆ రేకుని వెనక కూర్చున్నవాళ్ల కాలి కోసం పెట్టింది, బ్యాగు వేలాడే చోటు దాకా పొడిగించలేదు. మనం చేయాల్సింది ఆ పొడిగింపే.

వెల్డింగ్ షాపుకి వెళ్లి కుడివైపుకి ఒక సైడ్ క్యారియర్ చేయించుకోండి. సన్న ఇనుప పైపుతో చతురస్రం, అడుగున బ్యాగు కూర్చోవడానికి చిన్న అంచు. బండి ఫ్రేముకి వెల్డింగ్ పెట్టనివ్వొద్దు. వెనక గ్రాబ్ రైలు బోల్టులు, ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టు వాడుకుని బిగించేలా చేయించండి. కొలతలు తీసుకుని, విడిగా వెల్డింగ్ చేసి, తర్వాత బిగించమనండి. ఏ కారణంతోనైనా బండి మీదే వెల్డింగ్ తప్పదంటే ముందు బ్యాటరీ వైర్లు తీయించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే కంప్యూటర్ ఉన్నాయి, అది పోతే ఖర్చు వేలల్లో. ఇండికేటర్, నంబర్ ప్లేటు మూసుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ క్యారియర్ కింద, సైలెన్సర్‌కి ఎదురుగా ఒక సత్తు రేకు. ఇంట్లో సొట్టపోయిన పాత సత్తు పళ్లెం ఉంటే అదే కొట్టించి చదును చేయించండి. సైలెన్సర్‌కీ రేకుకీ మధ్య రెండు వేళ్లు, రేకుకీ బ్యాగుకీ మధ్య ఇంకో రెండు వేళ్లు ఖాళీ ఉండాలి. మెరిసే వైపు సైలెన్సర్ వైపుకి. సత్తు మెరుస్తున్నంత కాలం సెగలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. బురద, మసి పడితే ఆ గుణం పోతుంది కాబట్టి బండి కడిగినప్పుడు దాన్నీ తుడవాలి. సైలెన్సర్ నోటికి వెనకగానీ పైనగానీ జానెడు దూరంలో ఏ పట్టీ కొన కూడా వేలాడకూడదు. పెద్ద సౌండ్ వచ్చే బయటి సైలెన్సర్ వేయించిన తమ్ముళ్లకి ఇవేవీ పనిచేస్తాయని హామీ ఇవ్వలేను. చాలావాటికి ఆ బెజ్జాల రేకే ఉండదు. పోలీసులు అలాంటివాటిని రోడ్డు రోలరుతో తొక్కిస్తున్న ఫొటోలు ఇదే పేపర్లో చూస్తూ ఉంటారు.

కానీ ఇదంతా ప్రతి కొనుగోలుదారూ విడివిడిగా వెల్డింగ్ షాపుల్లో చేయించుకోవాల్సిన పనా? నా అభిప్రాయంలో కాదు. కంపెనీ క్యారియర్ ఇవ్వకపోయినా పర్లేదు, కుడివైపు రెండు బోల్టు రంధ్రాలు, పొడిగించిన రేకు ఇస్తే చాలు. చీర కోసం ఒక రూలు రాయగలిగిన దేశం సంచి కోసం ఇంకో రూలు రాయలేదా? 'అలా చేస్తే జనం ఇంకా ఎక్కువ బరువు వేస్తారు' అని కంపెనీలు అనొచ్చు. వేస్తున్నారు సార్, ఇప్పటికే వేస్తున్నారు. ఆ బరువు ఎక్కడ ఆనాలో మీరు చెప్పకపోతే సైలెన్సర్ మీద ఆనుతోంది.

ఇక ఫైనలియర్ వాళ్లకి ఒక మాట. ప్రాజెక్టు కోసం హైదరాబాద్ వెళ్లి రెడీమేడ్‌గా కొనుక్కొచ్చే అలవాటు గురించి మీకు నేను చెప్పాలా? నరసరావుపేట చుట్టుపక్కల కాలేజీల్లో మెకానికల్ చదివేవాళ్లకి ఇంతకన్నా సొంత ప్రాజెక్టు దొరకదు. ఇంటర్వ్యూలో 'ఇది ఎందుకు చేశావు' అని అడిగితే జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఒకే బండి, ఒకే దారి, రేకు లేకుండా ఒకసారి, ఒక రేకుతో ఒకసారి, రెండు రేకులతో ఒకసారి. రెండు పల్చటి రేకులు మధ్యలో గాలితో ఉంటే ఒక మందపాటి రేకుని ఓడించాలని లెక్క చెబుతుంది. ఎంత తేడాతో ఓడిస్తుందో మీరు కొలిచి చూపించండి.

కొలవడానికి ల్యాబే కావాలని లేదు. వేడి కొలిచే గన్ను తెస్తే, కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది కాకుండా ఫ్యాక్టరీల్లో వాడేది తీసుకోండి. మెరిసే క్రోమ్ మీద అది అబద్ధం చెబుతుంది, తక్కువ చూపిస్తుంది. వేడికి ఆగే నల్ల పెయింటు చుక్క ఒకటి పెట్టి ఆ చుక్క మీద చదవాలి. గన్ను లేకపోతే సైలెన్సర్ మీద నీటి బొట్టు వేయండి. చుయ్ మంటే 100 దాటింది. ఆవిరవకుండా ముత్యంలా దొర్లుతూ ఆడిందంటే సుమారు 200 ప్రాంతంలో ఉంది. బ్యాగు లోపల అడుగున ఏటీఎం స్లిప్ ఒకటి, చిన్న స్టీలు మూతలో కొవ్వొత్తి ముక్క ఒకటి పెట్టండి. మైనం 55-60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, స్లిప్ 70-80 ప్రాంతంలో నల్లబడుతుంది. ఇంటికెళ్లాక రెండిటినీ చూస్తే లోపల ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఎండలో బండి పార్క్ చేసి క్లాసుకి వెళ్లేటప్పుడు మాత్రం కొవ్వొత్తి ముక్క తీసి జేబులో వేసుకోండి. నల్ల బ్యాగులో మన ఎండకి కరిగిందంటే ఆ లెక్క సైలెన్సర్ ఖాతాలో రాయకూడదు.